సిరామిక్ క్యాప్ ఊడిరాకుండా అంటించాలంటే

నాలుగేళ్ళ కిందట ఒక పెద్దావిడ కుంకుమ భరిణె పట్టుకొని నా క్లినిక్‌కి వచ్చింది. మూత తీస్తే లోపల దూది, దూదిలో నేను మూడు వారాల ముందు పెట్టిన జిర్కోనియా (గట్టి రకం సిరామిక్) క్యాప్. "ఇడ్లీ తింటుంటే ఊడి చేతికొచ్చింది నాయనా. మింగలేదు, అదే పదివేలు" అంది.

క్యాప్‌ని లైటు కింద తిప్పి చూశాను. లోపల అద్దంలా శుభ్రంగా ఉంది. సిమెంట్ మొత్తం పంటి మీదే ఉంది. అంటే పంటికీ సిమెంట్‌కీ మధ్య పట్టు బాగానే ఉంది, సిమెంట్‌కీ క్యాప్‌కీ మధ్యే లేదు. ఇదే తిరగబడి, పన్ను శుభ్రంగా ఉండి సిమెంట్ క్యాప్‌లోనే మిగిలితే తప్పు పంటివైపు జరిగిందని అర్థం. క్యాప్ ఊడి వస్తే ముందు ఈ పరీక్ష చేయండి, సిమెంట్ కంపెనీని తర్వాత తిట్టుకోవచ్చు. ఆ రోజు నేను వాడిన సిమెంట్ మంచిదే. తప్పు నాది. ఏం చేశానో దాని చోట చెప్తాను.

ఇది ముఖ్యంగా కొత్తగా ప్రాక్టీసు పెట్టిన డెంటిస్టుల కోసం. పేషెంట్లు చదివినా నష్టం లేదు. డాక్టరు అన్నిసార్లు ఎందుకు కడిగి, ఊది, ఆరబెడుతున్నాడో తెలుస్తుంది.

మనం "సిమెంట్‌తో అంటించాం" అంటాం కానీ అక్కడున్నది ఒక్క పొర కాదు. పన్ను, దాని మీద బాండింగ్ ఏజెంట్ (పంటికి రాసే జిగురు ద్రవం, కింద దీన్నీ బాండింగ్ అనే అంటాను), ఆ పైన రెసిన్ (ప్లాస్టిక్ లాంటిది) సిమెంట్, తర్వాత ప్రైమర్ (క్యాప్ లోపల రాసే ద్రవం), చివరికి సిరామిక్. ఐదు పొరలు, నాలుగు అతుకులు. నాలుగింటిలో ఏది తడిసినా, ఏది మురికిపడినా క్యాప్ అక్కడే విడిపోతుంది.

ముందు అది ఏ సిరామిక్కో తేల్చుకోండి

మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. బాండింగ్ (రెసిన్‌తో పంటికి అతికించడం) లెక్కలో సిరామిక్ క్యాప్‌లు రెండు జాతులు. మొదటిది గాజు ఉన్నది: ఫెల్డ్‌స్పాతిక్ పోర్స్‌లేన్, ల్యూసైట్, ఇప్పుడు ఎక్కువగా వాడే లిథియం డైసిలికేట్, అంటే మనం ఇ-మ్యాక్స్ అనేది. రెండోది గాజు లేనిది: జిర్కోనియా. గాజు ఉన్నదాన్ని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ తినేసి సన్నని గుంటలు చేస్తుంది. మామూలుగా వాడే యాసిడ్, మామూలు సమయంలో జిర్కోనియాని ఏమీ చేయలేదు.

ల్యాబ్ కార్డు మీద రాసి ఉంటుంది కదా అనుకోకండి. కొన్ని ల్యాబ్‌ల నుంచి వచ్చే కార్డు మీద "సిరామిక్" అని మాత్రమే ఉంటుంది. ఫోన్ చేసి అడగండి. అప్పటికీ అనుమానం తీరకపోతే క్యాప్‌ని సెన్సర్ మీద పెట్టి ఒక ఆర్‌వీజీ (డిజిటల్ ఎక్స్‌రే) తీయండి. జిర్కోనియా అయితే మెటల్‌లా తెల్లగా మెరుస్తుంది. లిథియం డైసిలికేట్ అంత తెల్లగా రాదు, ఇంచుమించు పంటిలాగే కనిపిస్తుంది.

అసలు బాండింగ్ అవసరమా?

ప్రతి క్యాప్‌కీ ఇంత తతంగం అక్కర్లేదు. పన్ను 4 మిల్లీమీటర్లకు పైగా ఎత్తు ఉండి, గోడలు నిటారుగా ఉంటే, జిర్కోనియా క్యాప్‌ని గ్లాస్ అయోనమర్ అనే మామూలు సిమెంట్‌తో పెట్టినా చక్కగా నిలుస్తుంది. అక్కడ పట్టు ఆకారం నుంచే వస్తుంది. పన్ను పొట్టిగా ఉన్నా, గోడలు కోన్‌లా వాలినా, క్యాప్ పలచనిదైనా బాండింగ్ తప్పనిసరి. వినీర్లకైతే (పంటి ముందువైపు అంటించే పలచని సిరామిక్ రేకులు) అదొక్కటే ఆధారం. గాజు సిరామిక్‌కి ఇంకో కారణం కూడా ఉంది. ఫెల్డ్‌స్పాతిక్ పోర్స్‌లేన్ బలం ఉజ్జాయింపుగా 60 నుంచి 100 మెగాపాస్కల్స్ మాత్రమే. లిథియం డైసిలికేట్ 400 దాకా వెళ్తుంది, మామూలు జిర్కోనియా 1000 దాటుతుంది. బలం తక్కువున్న సిరామిక్ పంటితో ఏకమైతేనే నమలడం తట్టుకుంటుంది. విడిగా ఉంటే పగులుతుంది.

పేషెంట్ కుర్చీలో కూర్చోకముందు

త్రీ-వే సిరంజి (గాలీ నీళ్ళూ వదిలేది) గాలిని మౌత్ మిర్రర్ మీదికి పది సెకన్లు ఊదండి. అద్దం మీద తుంపరలు కనిపించినా, వేలితో రాస్తే జిడ్డు తగిలినా, మీ కంప్రెసర్ నీళ్ళో నూనో కక్కుతోంది. మీరు ఆరబెట్టిన ప్రతిసారీ ఆ నీళ్ళే పంటి మీద పూస్తున్నారన్నమాట. కోస్తా ఊళ్ళలో వర్షాకాలమంతా ఇదే గోల. కంప్రెసర్ ట్యాంకు కింది వాల్వ్ తిప్పి రోజూ పొద్దున్నే నీళ్ళు వదలండి, ఫిల్టర్ మార్చండి. పైసా ఖర్చు లేని ఈ అద్దం పరీక్ష చేసేవాళ్ళు తక్కువ.

ఫ్రిజ్‌లో ఉన్న సిమెంట్‌ని ముందే బయటపెట్టండి, చల్లగా ఉంటే సరిగా సెట్ కాదు. కానీ మే నెలలో ఏసీ లేని గదిలో మరీ ముందు తీసిపెట్టినా ప్రమాదమే. గది వేడికి డ్యూయల్ క్యూర్ సిమెంట్ (లైటుతోనూ, తనంతట తానూ గట్టిపడేది) మీరు అనుకున్నదానికంటే ముందే గట్టిపడుతుంది, క్యాప్ సగంలో ఆగిపోతుంది. బాండింగ్ సీసా మూత వెంటనే పెట్టండి. అందులో ఉన్నది ఆల్కహాలో అసిటోనో, తెరిచి ఉంచితే ఎగిరిపోతుంది. రెసిన్‌ని గట్టిపరిచే క్యూరింగ్ లైటు చార్జింగ్ చూసుకోండి, చివర పాత కాంపోజిట్ అంటుకొని ఉంటే గీకేయండి.

పెట్టి చూడటం

టెంపరరీ క్యాప్ తీసి, పంటి మీది పాత సిమెంట్‌ని స్కేలర్‌తో గీకండి. తర్వాత ప్యూమిస్ పొడిని నీళ్ళతో కలిపి బ్రష్‌తో రుద్దండి. పాలిషింగ్ పేస్టు వద్దు, అందులోని ఫ్లోరైడ్, నూనె మనకు అడ్డం. టెంపరరీకి యూజినాల్ ఉన్న సిమెంట్ అసలు వాడొద్దు. లవంగ నూనె వాసన బాగానే ఉంటుంది కానీ అది రెసిన్ గట్టిపడకుండా ఆపుతుంది.

క్యాప్ పెట్టి మార్జిన్ (క్యాప్ అంచు పంటిని కలిసే చోటు) చూడండి, పక్క పళ్ళ మధ్య ఫ్లాస్ బిగువుగా దిగుతోందో లేదో చూడండి. రంగు చూడాలంటే ట్రై-ఇన్ (అంటించకుండా పెట్టి చూడటం) పేస్టు వాడండి, అది నీళ్ళతో కడిగితే పోతుంది. గాజు సిరామిక్ అయితే ఇప్పుడు "గట్టిగా కొరకండి" అనొద్దు. అంటించని లిథియం డైసిలికేట్ క్యాప్ కొరికితే టప్పున పగిలిన సందర్భాలున్నాయి. ఎత్తుపల్లాల లెక్క అంటించాక.

ఇక్కడే చిగురు చూడండి. రక్తం కారుతుంటే ఆ రోజు బాండింగ్ మానేయండి. టెంపరరీ మళ్ళీ పెట్టి, శుభ్రం చేసి, వారం ఆగి రమ్మనండి. రక్తం ఆపడానికి రాసే ఫెర్రిక్ సల్ఫేట్ కూడా పట్టును చెడగొడుతుంది. పేషెంట్ రేపు అమెరికా వెళ్తున్నా సరే, నా మాట ఇదే.

క్యాప్ లోపలి వైపు: గాజు సిరామిక్

ఈ పద్ధతికి వయసు ఎక్కువేం కాదు. పంటి ఎనామెల్‌ని ఫాస్ఫారిక్ యాసిడ్‌తో గరుకు చేయవచ్చని మైఖేల్ బువొనోకోర్ 1955లో చూపించాడు. పోర్స్‌లేన్‌ని హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో అలాగే గరుకు చేసి అంటించడం 1983 ప్రాంతంలో మొదలైంది.

ట్రై-ఇన్ అయ్యాక క్యాప్‌ని కడిగి ఆరబెట్టండి. బయటి గ్లేజ్ మీద యాసిడ్ పడితే మసకబారుతుంది కాబట్టి బయట మైనం పూయండి. లోపల 5 శాతం హైడ్రోఫ్లోరిక్ జెల్ పెట్టండి. లిథియం డైసిలికేట్‌కి 20 సెకన్లు. ల్యూసైట్‌కీ ఫెల్డ్‌స్పాతిక్‌కీ 60 సెకన్లు. గడియారం చూసే చేయండి. ఇంకొంచెం ఉంచితే ఇంకొంచెం పట్టుకుంటుందనుకోవడం పొరపాటు, అతిగా తింటే సిరామిక్కే బలహీనపడుతుంది.

ఈ యాసిడ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. తక్కువ గాఢత ఉన్నది చర్మం మీద పడితే వెంటనే మంట పుట్టకపోవచ్చు, లోపలికి ఇంకిపోయి గంటల తర్వాత నొప్పి మొదలవుతుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు ఉండాల్సిందే. ఈ యాసిడ్‌కి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ డ్రాయర్‌లో ఉండాలి. కడిగేటప్పుడు నీళ్ళు నేరుగా సింకులోకి పోనీయకుండా, న్యూట్రలైజింగ్ పొడి వేసిన గిన్నెలోకి పట్టండి. ఈ పని పేషెంట్ నోట్లో కాదు, పక్క బల్ల మీద.

కడిగి ఆరబెట్టాక లోపల మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. చాలామంది అది చూసి సంతోషించి ఆగిపోతారు. ఆ తెలుపులో కొంత యాసిడ్ వదిలిన లవణాల బూడిద. అది గుంటల్లో కూర్చుంటే సిమెంట్‌కి చోటుండదు. 37 శాతం ఫాస్ఫారిక్ జెల్‌ని మైక్రోబ్రష్‌తో ఒక నిమిషం రుద్ది కడగండి. అల్ట్రాసోనిక్ ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నాలుగైదు నిమిషాలు వేయండి.

తర్వాత సైలేన్. దీనికి రెండు చేతులున్నాయనుకోండి, ఒక చేత్తో గాజును పట్టుకుంటుంది, రెండో చేత్తో రెసిన్‌ని. పలచగా రాసి 60 సెకన్లు వదిలేసి గాలితో బాగా ఆరబెట్టండి. చెరువు కట్టినట్టు రాస్తే లాభం లేదు, పలచనే బలం. సీసాలో ద్రవం పాలలా మారిందంటే అది చచ్చిపోయినట్టే, పారేయండి. బాండింగ్‌లోనే సైలేన్ కలిపామని చెప్పే సీసాలున్నాయి. ఆ పుల్లటి ద్రావణంలో సైలేన్ ఎక్కువకాలం నిలవదు. గాజు సిరామిక్‌కి విడి సైలేన్‌నే నమ్ముతాను.

క్యాప్ లోపలి వైపు: జిర్కోనియా

కుంకుమ భరిణె కథ ఇక్కడిదే.

జిర్కోనియా మీద గాజు లేదు కాబట్టి యాసిడ్ తినదు, సైలేన్ పట్టుకోదు. దాన్ని పట్టుకునేది ఎమ్‌డీపీ అనే అణువు. జపాన్ కంపెనీ కురారే 1981లో దాన్ని తయారుచేసింది. ఆ అణువు ఒక చివర ఫాస్ఫేట్ ఉంటుంది, అది జిర్కోనియాకి అతుక్కుంటుంది. చిక్కేమిటంటే, లాలాజలంలో కూడా ఫాస్ఫేట్లున్నాయి. ట్రై-ఇన్ చేసినప్పుడు అవి వెళ్ళి ముందే కూర్చుంటాయి. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫులు వేసి సీట్లు ఆపేసినట్టు, తర్వాత ఎక్కిన ఎమ్‌డీపీకి చోటు దొరకదు.

నేనేం చేశానంటే, ట్రై-ఇన్ తర్వాత శుభ్రం చేద్దామని గాజు సిరామిక్ అలవాటు కొద్దీ జిర్కోనియా లోపల నీలం ఎచింగ్ జెల్, అంటే ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్, పెట్టి రుద్దాను. ఫాస్ఫారిక్ యాసిడ్ అంటేనే ఫాస్ఫేట్. మిగిలిన నాలుగు సీట్ల మీదా నేనే కర్చీఫు వేశాను. క్యాప్ మూడు వారాలు నిలవడమే ఎక్కువ.

సరైన వరస ఇది. పెన్సిల్వేనియా యూనివర్సిటీకి చెందిన మార్కస్ బ్లాట్జ్ బృందం 2016లో దీన్ని మూడక్షరాల్లో గుర్తుపెట్టుకునేలా చెప్పింది: ఏ, పీ, సీ. ఎయిర్ పార్టికల్ అబ్రేషన్ (అంటే గాలితో పొడి కొట్టే శాండ్‌బ్లాస్ట్), ప్రైమర్, కాంపోజిట్ రెసిన్ సిమెంట్.

ట్రై-ఇన్ అయ్యాకే శాండ్‌బ్లాస్ట్ చేయండి, అప్పుడు లాలాజలం మరక కూడా పోతుంది. 50 మైక్రాన్ల అల్యూమినా, 1 నుంచి 2 బార్ల ఒత్తిడి, సెంటీమీటరు దూరం, చేతిని కదుపుతూ పది పదిహేను సెకన్లు. లోపల ముందే మార్కర్‌తో గీతలు గీసుకుంటే ఎక్కడ తగిలిందో ఎక్కడ తగల్లేదో తెలుస్తుంది. పైన పోర్స్‌లేన్ పొర ఉన్న లేయర్డ్ క్యాప్ అయితే బయటివైపు మైనం పూయడం మరవద్దు, ఆ పొరకి ఈ దెబ్బ తగలకూడదు. క్లినిక్‌లో శాండ్‌బ్లాస్టర్ లేకపోతే ల్యాబ్‌లో చేయించి తెప్పించుకోండి. ట్రై-ఇన్ తర్వాత మాత్రం ఐవోక్లీన్ లాంటి క్లీనింగ్ పేస్టు 20 సెకన్లు రాసి కడగండి. నీళ్ళతో కడిగినా, స్పిరిట్‌తో తుడిచినా ఆ ఫాస్ఫేట్లు కదలవు.

ఆపైన ఎమ్‌డీపీ ఉన్న ప్రైమర్ రాసి కంపెనీ చెప్పినంతసేపు ఉంచి ఆరబెట్టండి. ఇక ఆ క్యాప్ లోపల వేలు కూడా పెట్టొద్దు. అసిస్టెంట్‌కి ఇచ్చేటప్పుడు బయటివైపు పట్టుకోమని చెప్పండి.

పంటి వైపు

రబ్బర్ డ్యామ్ (పంటి చుట్టూ బిగించే రబ్బరు తెర) వేయగలిగితే వేయండి. లేదంటే కాటన్ రోల్స్, సక్షన్, చిగురు దగ్గర కార్డ్ (సన్నని దారం). పక్క పళ్ళకి టెఫ్లాన్ టేపు చుట్టండి. ప్లంబింగ్ షాపులో దొరికేదే, సిమెంట్ పక్క పంటికి అంటుకోకుండా ఆపుతుంది.

ఎనామెల్ మిగిలి ఉంటే అంచు మీద మాత్రం 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 15 నుంచి 30 సెకన్లు పెట్టి కడగండి. యూనివర్సల్ బాండింగ్ వాడుతుంటే డెంటిన్ (ఎనామెల్ కింది పొర) మీద యాసిడ్ అక్కర్లేదు. డెంటిన్‌ని ఎండగట్టొద్దు. మెరుపు కొంచెం మిగలాలి, నీటిబొట్టు కనిపించకూడదు. బాండింగ్‌ని రాసి వదిలేయడం కాదు, 20 సెకన్లు రుద్దాలి. ఆ తర్వాత ఊదాలి. ద్రవం అలలు అలలుగా కదలడం ఆగేదాకా ఊదండి. మార్జిన్ మూలల్లో గుంట కట్టి, దాని మీద లైటు పడి గట్టిపడితే క్యాప్ పూర్తిగా దిగదు.

బాండింగ్‌ని ఇప్పుడే లైట్ క్యూర్ చేయాలా, సిమెంట్‌తో కలిపి చేయాలా అన్నది బ్రాండ్‌ని బట్టి మారుతుంది. డబ్బాలోని కాగితం చదవండి. ఒక కంపెనీ బాండింగ్‌ని ఇంకో కంపెనీ డ్యూయల్ క్యూర్ సిమెంట్‌తో కలపకపోవడం మంచిది. బాండింగ్‌లో ఉండే ఆమ్లం, సిమెంట్ తనంతట తాను గట్టిపడటానికి కావాల్సిన అమైన్‌ని చంపేస్తుంది. పైకి అంతా బాగానే కనిపిస్తుంది, లైటు చేరని చోట మాత్రం సిమెంట్ మెత్తగానే ఉండిపోతుంది.

సెల్ఫ్ అడ్హెసివ్ సిమెంట్ అయితే పంటికి ఇవేవీ అక్కర్లేదు. పని సులువే కానీ ఎనామెల్ మీద పట్టు తక్కువ. ఆకారం బాగున్న పంటికి సరిపోతుంది, పొట్టి పంటికి నేను వాడను.

కూర్చోబెట్టడం

పలచని వినీర్‌కి లైట్ క్యూర్ సిమెంట్, క్యాప్‌కి డ్యూయల్ క్యూర్. క్యాప్ లోపలి గోడలకి సిమెంట్ పలచగా పూయండి, నిండా నింపొద్దు. వేలితో నిదానంగా నొక్కి, చుట్టూ సిమెంట్ బయటికి వచ్చిందో చూసి, అలాగే పట్టుకోండి.

తర్వాత రెండు నిమిషాల్లోనే మీ ఓపిక తెలుస్తుంది. ఒక్కో వైపు ఒకటి రెండు సెకన్లు మాత్రం లైటు వేయండి. అంచున వచ్చిన సిమెంట్ జున్నులా అవుతుంది, స్కేలర్ తగిలిస్తే పట్టీలా ఊడొస్తుంది. అదే ఐదు సెకన్లు వేశారో రాయి అవుతుంది, మీరు అరగంట గీకుతూ కూర్చోవాలి. ఫ్లాస్ దింపాక పైకి లాగొద్దు, క్యాప్‌ని వేలితో అదిమి పట్టి పక్కకి లాగేయండి.

శుభ్రమయ్యాక అంచుల మీద గ్లిజరిన్ జెల్ రాయండి. గాలిలోని ఆక్సిజన్ తగిలితే రెసిన్ పై పొర గట్టిపడదు. ఇప్పుడు ఒక్కో వైపు 20 నుంచి 40 సెకన్లు. జిర్కోనియా అయితే ఇంకాస్త ఎక్కువ, అది వెలుగును అంతగా పోనీయదు. లైటు పట్టుకున్నవాళ్ళు కళ్ళు మండుతాయని తల తిప్పుకుంటారు, చేయి పక్క పంటి మీదికి జరిగిపోతుంది. ఆరెంజ్ షీల్డ్ పెట్టుకొని చూస్తూ వేయండి. డ్యూయల్ క్యూర్ తనంతట తాను గట్టిపడటానికి కంపెనీ చెప్పిన నిమిషాలు ఆగాకే కొరకమనండి.

ఎత్తు తగిలితే సన్నని డైమండ్‌తో, నీళ్ళు పడుతుండగా తీసి, రబ్బర్ పాయింట్లతో పాలిష్ చేయండి. గరుకుగా వదిలేసిన జిర్కోనియా ఎదుటి పంటిని అరగదీస్తుంది. చివరగా ఒక ఎక్స్‌రే తీయండి, పళ్ళ మధ్య చిగురు కింద దాగిన సిమెంట్ ముక్క దాంట్లో దొరుకుతుంది.

ఊడి వచ్చినదాన్ని మళ్ళీ పెట్టాలంటే

క్యాప్ పగలకుండా వస్తే పారేయక్కర్లేదు. జిర్కోనియా లోపల పాత సిమెంట్ ఉంటే శాండ్‌బ్లాస్ట్ చేసి ప్రైమర్ నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. గాజు సిరామిక్‌లోంచి సిమెంట్‌ని జాగ్రత్తగా తీసి, యాసిడ్ నుంచి మొదలుపెట్టండి. పంటి మీది పాత సిమెంట్ తీసేటప్పుడు పంటిని కోయొద్దు, ఫిట్ పోతుంది.

పెద్దావిడ క్యాప్‌కి ఆ రోజు అలాగే చేశాను. పంటి మీది సిమెంట్ గీకడానికే ముప్పావుగంట పట్టింది, అంత గట్టిగా పట్టుకొని ఉంది అటువైపు. డబ్బులు తీసుకోలేదు. ఆవిడ మాత్రం భరిణె కడిగి ఇవ్వమని అడిగి మరీ తీసుకెళ్ళింది.